మైకు ముందు కాగితం ముక్క

“విండో,” అంది క్లావ్దియా యెగోరొవ్నా కిటికీతో. ‘వి’ అనగానే పైపళ్ళు కింది పెదవికి తగిలాయి. ఛ, మళ్ళీ తప్పే. వేడి సూపు ఊదుతున్నట్టు పెదవులు గుండ్రంగా చుట్టి ఇంకోసారి అంది. కిటికీ మీద, కెటిల్ మీద, ఉప్పు డబ్బా మీద, భర్త పోయాక ఎవరూ కూర్చోని కుర్చీ మీద కూడా ఇంగ్లీషు చీటీలే. ఆ వంటింట్లో ఆమెతో మాట్లాడటానికి ఇంకెవరున్నారు గనక!

లిపావ్కా స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతు ఆమెదే. ఊళ్ళో పిల్లా పెద్దా అందరూ ఎరిగిన గొంతు. రొట్టెల దుకాణంలో ఎదురుపడితే మాత్రం ఒక్కరూ పోల్చుకోరు. ఇప్పుడు ఇంగ్లీషులోనూ చెప్పాలట. నోరు తిరగకపోతే నగరం నుంచి రికార్డు చేసిన గొంతు తెచ్చి పెడతారట. మధ్యాహ్నం స్వయంగా విని తేలుస్తానన్నాడు స్టేషన్ మాస్టరు. ఆ మైకు కూడా పోతే ఇక తన మాట వినే ప్రాణి ఉండదని ఆమె భయం.

మైకు గదిలో ఉన్ని శాలువా తగిలించి కూర్చుంది. మైకు కడ్డీకి సన్నని కాగితం ముక్క వేలాడుతోంది. రేడియో పాఠంలో చెప్పిన కిటుకు అది. రష్యన్ ‘ప’ పలికితే కాగితం కదలదు. ఇంగ్లీషు ‘పాసింజర్స్’కు ఊపిరి తగిలి ఎగిరిపడాలి. ఇక ‘ది’ అనాలంటే నాలుక పళ్ళ మధ్యకు రావాలి. చిన్నప్పుడలా నాలుక బయటపెడితే వాళ్ళమ్మ చెంప పగలగొట్టేది.

టికెట్లమ్మే రిమ్మా క్యాబేజీ కూరిన పిరష్కీ బన్నులు పట్టుకుని వచ్చింది.

“ఏమే క్లావా, మళ్ళీ కుక్కపిల్లలా నాలుక బయటపెట్టావూ! దారి తప్పినా మన ఊళ్ళో దిగే ఇంగ్లీషువాడెవడే?”

“దిగితే? పాపం, వాడికి ఎవరో ఒకరు చెప్పాలిగా.”

మాస్టరు గెన్నాది లుకిచ్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆమె చెప్పింది. నాలుక తడబడలేదు, కాగితం ఎగిరింది. సంతోషంతో ఆమె మొహం ఎర్రబడింది.

“భేషుగ్గా చెప్పారు క్లావ్దియా యెగోరొవ్నా,” అన్నాడాయన, టోపీ చేతుల్లో నలుపుతూ. “కానీ... పొద్దునే ఆ రికార్డు గొంతు పెట్టె బిగించేశారండీ. పైవాళ్ళ ఉత్తర్వు. నేనేం చెయ్యను?”

“మరి విన్నారెందుకు?”

“అంత కష్టపడి నేర్చుకున్నారు కదా అని.”

కసిరి ఉంటే తట్టుకునేదేమో. ఆ మంచితనానికే ఆమెకు ఏడుపొచ్చింది.

“సాయంత్రం బండి ఒక్కటీ నేను చెప్పనా?”

ఆయన తలూపాడు.

రష్యన్‌లో చెప్పి, ఇంగ్లీషులో చెప్పింది. బండి ఆగింది. సంచీతో ఒక ముసలమ్మ దిగి, మంచులో జాగ్రత్తగా అడుగులేస్తూ పోయింది. బండి కదిలింది.

క్లావ్దియా శాలువా చుట్టుకుంది. దూరప్రయాణానికి బయలుదేరేముందు ఆనవాయితీగా కూర్చున్నట్టు కాసేపు కుర్చీలో కూర్చుంది, ఇల్లు రెండు వీధుల అవతలే అయినా. రిమ్మా మొహం చూస్తే ఏడుపు ఆపుకోలేనని, చెప్పకుండానే వెళ్ళిపోయింది.

తర్వాతి బండికి స్టేషనంతా ఎవరో అమ్మాయి గొంతు మోగింది. ఒక్క తప్పు లేకుండా “పాసింజర్స్” అంది. ఖాళీ గదిలో మైకు ముందు కాగితం ముక్క కదలలేదు.