నీలి తెర మీద నాన్న గొంతు

సాయంత్రం నాన్న గొంతుకు ఆపరేషన్. ఆ తరువాత మాట రాదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. అందుకే అరచేతిలో ఇమిడే ఎల్‌సీడీ తెరకు ప్రోగ్రాం రాశాను. మీట నొక్కితే నాన్న మాట కనిపించాలి. ఆ తెరకు అక్షరాలు తెలియవు, చుక్కలే తెలుసు. అందుకని నాన్నే గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి, తన దస్తూరీలో అక్షరాలు గీసిచ్చాడు.

ఆస్పత్రి గదిలో మీట నొక్కాను. ఎడమ సగంలో చుక్కలు మిణుగురుల్లా వెలిగాయి. కుడి సగం వెలగలేదు.

"నా మాట నువ్వెప్పుడూ సగమేగా వినేది!" అని నాన్న బొంగురుగా నవ్వాడు.

"ఉండు నాన్నా, నవ్వించకు."

తెరలో ఒక్కో సగానికి ఒక్కో చిప్ ఉంటుంది. ప్రోగ్రాంలో రెండోదాన్ని పిలవడం మరిచాను. అది సరిచేస్తూ, నాన్న మాట మధ్యలో ఊపిరికి ఆగడం గుర్తొచ్చి, రెండు సగాల మధ్య చిన్న విరామం పెట్టాను. సరిచూసుకునేలోపే స్ట్రెచర్ వచ్చేసింది.

మర్నాడు నాన్న పెదవులు కదిపాడు. శబ్దం రాలేదు. వేలితో మీట నొక్కాడు. నీలి వెలుగులో ఎడమవైపు "చిట్టీ" తేలింది. కుడివైపు ఖాళీ. సరిచేద్దామని తెర వైపు చెయ్యి చాచాను. ఒక్క ఊపిరి తరువాత, నీళ్లలోంచి పైకొచ్చినట్టు, "తిన్నావా?" కనిపించింది.

"లేదు నాన్నా," అన్నాను.

ఆయన కళ్లెర్రజేసి మళ్లీ మీట నొక్కాడు.