ఎవరిదో తేలని డబ్బు

పంపుసెట్లు అమ్మే కంపెనీలో అతని ఉద్యోగం, సేల్స్‌మన్లు తెచ్చే బిల్లులు చూసి వాళ్ళ డబ్బు వాళ్ళకి తిరిగి ఇవ్వడం. ఊళ్ళు తిరిగేవాళ్ళు బస్సు టికెట్లకీ, లాడ్జి గదులకీ ముందు తమ జేబులోంచి పెట్టుకుని, నెలాఖరుకి రసీదులన్నీ ఓ కవరులో వేసుకొచ్చి అతని బల్ల ముందు నిలబడేవారు. ఎవరేం చెప్పబోయినా అతను తలెత్తకుండా "బిల్లేదీ?" అనేవాడు. పదిహేనేళ్ళుగా అదే మాట. అందుకని ఆఫీసంతా చాటుగా అతన్ని బిల్లేదీ గారు అనేది. ఆ సంగతి అతనికి తెలుసు. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

మనిషి చెడ్డవాడేం కాదు. తాగడు, ఎవరి మీదా అరవడు, భార్య సొమ్ము పైసా ముట్టుకోడు. ఆఫీసుని ఆఫీసులో వదిలి ఇంటికి రావడం చేతకాదు, అంతే.

అతని భార్య దర్జీ. బజారులో ఒకావిడ దుకాణంలో ముక్కకింత అని కుట్టేది. బడి యూనిఫారాలు, కర్టెన్లు, పొడుగైన ప్యాంట్లు పొట్టి చేయడం, ఇలాంటివి. ఇద్దరూ సంపాదిస్తున్నారు కనుక ఇద్దరి పేరా ఒక ఉమ్మడి ఖాతా తెరిచి, నెల మొదట్లో చెరి సగం అందులో వేసేవారు. ఇంటి అద్దె, కరెంటు దాన్నుంచే కట్టేవారు. పాలు, కూరగాయలు, సబ్బులు, పాప పెన్సిళ్ళు లాంటి చిల్లర ఖర్చులు మాత్రం ఆమె ముందు తన చేతి డబ్బు పెట్టి, చీటీలు దాచిపెట్టి, మొదటి ఆదివారం నాడు అతనికి చూపించాలి. అతను సరిచూసి ఉమ్మడి ఖాతాలోంచి తిరిగి ఇస్తాడు. ఏర్పాటులో వంక పెట్టడానికేమీ లేదు. దీనికన్నా అన్యాయమైన ఏర్పాట్లు ఎన్ని ఇళ్ళలో లేవు?

ఆ ఆదివారాలు చూడాలి. భోజనాల బల్ల తుడిచి, అటు అతను, ఇటు ఆమె.

"ఈ కూరగాయలకి చీటీ లేదేం?"

"కూరగాయలమ్మి చీటీ ఎక్కడిస్తుందండీ?"

"ఓ కాగితమ్ముక్క మీద రాయించుకో."

"ఆవిడకి రాయడం రాదు."

"పోనీ నువ్వు రాసి, ఆవిడ చేత వేలిముద్ర వేయించుకో."

ఆమె నవ్వేసేది. అతను మాత్రం నవ్వులాటకి అన్నది కాదు. చివరికి ఎర్ర పెన్నుతో పక్కన 'బిల్లు లేదు' అని రాసి, దయతలచినట్టు ఒప్పుకునేవాడు.

ఇంటి ఖర్చు ఎంతో తెలియాలి గనుక చీటీలన్నీ తేదీల వారీగా పుస్తకంలో ఎక్కించేవాడు. తర్వాత మొత్తం కూడి, డబ్బు ఆమెకి పంపించి, కింద ఇంకో వరస రాసేవాడు: 'భార్యకు చెల్లింపు'. ఆఫీసులో ఇచ్చిన ప్రతి పైసాకీ అలాగే రాయాలి. ఆ వరస రాస్తేనే అతనికి ఆదివారం పూర్తయినట్టుండేది.

ఆమెకి సొంతంగా కొట్టు పెట్టుకోవాలని కోరిక. కోరిక అంటే ఊరికే ఊహ కాదు. ఏ మిషను ఎక్కడ వెయ్యాలో, అద్దం ఏ గోడకి తగిలించాలో, బోర్డు మీద ఏం రాయించాలో అన్నీ ఆలోచించి పెట్టుకుంది. వీధి మలుపులో ఒక గది ఖాళీ అయింది. రెండు పక్కలా వెలుతురు, ముందు బండి ఆపుకోవడానికి జాగా. గది ఓనరమ్మ రిటైరైన టీచరు. అడ్వాన్సు లక్షా ఇరవై వేలు అడిగింది.

ఉమ్మడి ఖాతాలోంచి అంత మొత్తం తియ్యాలంటే పుస్తకంలో మిగులు అంత ఉండాలన్నది ఇంటి నియమం. పుస్తకంలో ఉన్నది ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు.

"నేను కాదనడం లేదు. పుస్తకం ఒప్పుకోవట్లేదు" అన్నాడతను.

"పుస్తకం సంగతి సరే. బ్యాంకులో రెండు లక్షల ముప్పై వేల చిల్లర కనబడుతోంది కదా?"

"అది మనది కాదు."

"మరెవరిది?"

"ఎవరిదో తేలాలి."

వినేవాళ్ళకి ఇది పిచ్చిమాటలా ఉంటుంది. అతని మటుకు అతనికి ఇందులో వింతేమీ లేదు. ఆఫీసులో అతని చేతి కింది ఖాతాలో ఎప్పుడూ పుస్తకం కన్నా నాలుగు డబ్బులు ఎక్కువే ఉండేవి. ఎక్కువున్నాయంటే ఎవరో ఇంకా బిల్లు పెట్టలేదని అర్థం. ఒకాయన రెండేళ్ళ నాటి లాడ్జి రసీదు చొక్కా జేబులో ఉతికి, ఆరబెట్టి మరీ పట్టుకొచ్చాడు. అందుకని ఎక్కువున్న డబ్బు జోలికి పోకూడదన్నది అతనికి ఒంటబట్టిపోయింది. ఇంటి ఖాతాలో నాలుగేళ్ళుగా పెరుగుతూ వస్తున్న ఆ మొత్తాన్ని కూడా అలాగే కాపలా కాస్తూ కూర్చున్నాడు. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని అతని నమ్మకం.

గది ఓనరమ్మ బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగుతానంది. కళ్ళద్దాల షాపాయన ఒకడు ఆ గది కోసం తిరుగుతున్నాడని కూడా చెప్పింది. ఆదివారం ఆమె ఇంకోసారి అడిగింది. అతను ఇంకోసారి పుస్తకం తెరిచి చూపించాడు. ఆమె చీటీలు ఇచ్చింది, తన డబ్బు తీసుకుంది, లేచి వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి కంపెనీలో అందరికన్నా పాత సేల్స్‌మన్ అతని బల్ల దగ్గరికొచ్చాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. కూతురి పోరు పడలేక సొంత ఖర్చులు రాయడం మొదలుపెట్టాడట. చేతిలో బడిపిల్లల నోటుపుస్తకం.

"ఏంటో సార్, ఈ లెక్క చూస్తే నేను మహా దర్జాగా బతుకుతున్నట్టుంది. నెలకి పద్దెనిమిది వేలు తిరుగుళ్ళకే తగలేస్తున్నానట. మా అమ్మాయి దులిపేసింది."

అతను నోటుపుస్తకం చూశాడు. చూడగానే తెలిసిపోయింది. తనకి తెలిసిన పని ఇంకొకళ్ళకి చెప్పేటప్పుడు ఎవరికైనా వచ్చే హుషారు అతనికీ వచ్చింది.

"టికెట్ కొన్నప్పుడు నాలుగొందలు ఖర్చు రాశారా? బావుంది. ఆ నాలుగొందలూ మేం మీకిచ్చేశాం. అప్పుడు ఆ ఖర్చు కొట్టెయ్యాలి. మీ జేబులోంచి చివరికి పోయిందెంత? సున్నా."

"మరి మీ పుస్తకంలో?"

"మా పుస్తకంలో మేం మీకిచ్చినప్పుడే రాస్తాం. మీరు టికెట్ కొన్నరోజు మేమేం రాయం. ఒక ఖర్చు ఒక్కసారే రాయాలండీ. కొన్నప్పుడోసారి, తిరిగిచ్చినప్పుడోసారి రాశామనుకోండి, ఒక్క టికెట్టుకి రెండు టికెట్ల డబ్బు పోయినట్టు కనబడుతుంది. అలా ఎవరైనా రెండుసార్లు..."

అక్కడ ఆగిపోయాడు.

పెద్దాయన బల్ల మీదికి వంగాడు. "సార్? ఒంట్లో బాలేదా?"

పదిహేనేళ్ళలో మొదటిసారి అతను మధ్యలో పర్మిషన్ పెట్టి ఆఫీసులోంచి లేచాడు. ఇంటికొచ్చి నాలుగేళ్ళ పుస్తకాలు మంచం మీద పరుచుకున్నాడు. 'భార్యకు చెల్లింపు' అని ఉన్న వరసలు మాత్రమే ఏరి కూడాడు. నలభై ఎనిమిది ఆదివారాలు. పాలకీ సబ్బులకీ ఒకసారి చీటీ చూసి రాశాడు, అదే డబ్బు ఆమెకిచ్చి మళ్ళీ రాశాడు. కూడిక లక్షా తొంభై రెండు వేలకి వచ్చింది. బ్యాంకులో పుస్తకం కన్నా ఎక్కువున్నదీ అంతే. తప్పు చేసినవాడికి సిగ్గుండాలి గానీ, పైసాతో సహా సరిపోయిన ఆ లెక్క చూసి అతనికి ముందు కలిగింది సంతోషం.

అయిదున్నరకి ఆమె పాపని బడి నుంచి తీసుకుని వచ్చింది. చెప్పులు విడిచేదాకా కూడా అతను ఆగలేకపోయాడు. జరిగింది అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె పాప భుజం మీంచి బడి సంచీ తీస్తూ వింది.

"అంటే గదికి డబ్బుందన్నమాట."

"ఉంది. ఇప్పుడేంటి, కిందటేడాదే ఉంది."

"పన్నెండింటికి వెళ్ళి వద్దని చెప్పొచ్చానండీ. నేనింకా గుమ్మంలో ఉండగానే కళ్ళద్దాలాయన అడ్వాన్సు ఆవిడ చేతిలో పెట్టేశాడు."

ఏదో ఒకటి అనాలి గనుక, "లెక్క మాత్రం పైసా తేడా లేకుండా తేలింది" అన్నాడు. ఓదార్పు అనుకుని అన్న మాటే అది. అతని దగ్గర అంతకన్నా మంచి ఓదార్పు లేదు.

"తేలలేదు. తేడా ఉంది" అందామె.

"ఎక్కడ?"

"రెండేళ్ళనించి నేను మీకు చీటీలన్నీ ఇవ్వట్లేదు. సగం ఇచ్చి సగం చింపేస్తున్నాను. పాప కళ్ళజోడు బడిలో ఇచ్చారని చెప్పాను కదా, అది నేను కొన్నదే. బూట్లూ నేనే. దుప్పట్లూ నేనే. మీరు తాగే కాఫీపొడి కూడా."

"ఎందుకలా చేశావ్?"

"పుస్తకంలో ఖర్చు తగ్గితే మిగులు కనబడుతుంది, అప్పుడైనా ఒప్పుకుంటుందేమో అని."

గొంతు పెంచలేదు. కన్నీళ్ళు పెట్టుకోలేదు. కుక్కరు గిన్నె కడుగుతూ, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. అతనికి మాత్రం చచ్చేంత సిగ్గేసింది. నాలుగేళ్ళుగా ఎవరో బిల్లు పెట్టలేదని కాచుకుని కూర్చున్నాడు. ఆ మనిషి రోజూ తనకి అన్నం వడ్డిస్తూనే ఉంది.

"ఎంతయిందో చెప్పు, ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడు.

"నాకు మాత్రం ఏం తెలుసు? రాసుకోలేదు. కుట్టుడబ్బుల్లో సగందాకా పోయేది. ఆ చీటీలన్నీ మీకిచ్చుంటే ఈపాటికి అడ్వాన్సు నా దగ్గరే ఉండేది. మిమ్మల్ని అడిగే పనే ఉండేది కాదు."

"చీటీలు అక్కర్లేదు. నువ్వెంతంటే అంత."

ఆమె కుళాయి కట్టేసి వెనక్కి తిరిగి చూసింది.

"ఈ మాట ఆదివారం అనుంటే సరిపోయేది" అంది.

మర్నాడు పొద్దున్నే ఉమ్మడి ఖాతాలో ఉన్నదంతా ఆమె పేరున వేస్తానన్నాడు. వద్దంది. సగం చాలంది. సగమంటే లక్షా పదిహేను వేల రెండు వందలు. అంతే తన ఖాతాలోకి పంపించుకుంది. చిరిగిన చీటీల సొమ్ము అతను ఎన్నిసార్లు ఎత్తినా, "పోనివ్వండి" అని ఊరుకుంది. పోట్లాడి ఉంటే అతనికి ప్రాణం కాస్త తేలికపడేది.

ఆ శనివారం ఆమె దుకాణానికి సెలవు పెట్టింది. బజారు వెనక వీధిలో ఇంకో గది ఉందని ఎవరో చెప్పారట. అందులో వెలుతురు ఒక పక్కనుంచే వస్తుంది, అద్దె మాత్రం కాస్త తక్కువ. ఆ వివరాలు అతనికి పాప చెప్పింది. అతను తొందర తొందరగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆమె కొలతల టేపు సంచీలో వేసుకుంది. అద్దంలో చూసుకుని జుట్టు సరిచేసుకుంది. "పాపకి పదకొండింటికి పాలివ్వండి" అని చెప్పి, అతని పక్కనుంచే మెట్లు దిగి వెళ్ళింది. వీధి చివర తిరిగేదాకా కనబడుతూనే ఉంది. వెనక్కి తిరిగి రమ్మంటుందేమోనని అతను చెప్పులు విప్పకుండా చాలాసేపు అక్కడే ఉన్నాడు.