లేవని దద్దురు

చేతి మీద పన్నెండు చుక్కలు. నర్సు పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో మందు బొట్టు పెట్టి, సూదిమొనతో పైపైన గుచ్చి వెళ్ళింది. గడ్డి పుప్పొడి, చెట్ల పుప్పొడి, దుమ్ము, బూజు. ఒంటికి ఏది పడదో దాని దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుందట. ఇరవై నిమిషాలు ఆగాలి. గోకకూడదు.

పది నిమిషాలైంది. ఒక్కటీ లేవలేదు.

అతను టవర్ క్రేన్ నడుపుతాడు. చెట్లు పూతకొచ్చే రెండు నెలలూ ఏటా తుమ్ములే తుమ్ములు, కళ్ళ నీళ్ళు, పడుకుంటే ఛాతీలో ఈల. పనిలో అందరూ అతన్ని తుమ్మెద అంటారు. మందుల షాపువాడిచ్చిన మాత్రలు మూడేళ్ళుగా మింగుతున్నాడు. పోయిన నెల ఆ మాత్రల మత్తుకి, పైన కాబిన్లో, రెప్ప పడింది. రెండు క్షణాలు. ఇనుప కడ్డీల కట్ట గోడకి జానెడు దూరంలో ఊగి ఆగింది. కింద ఎవరూ లేరు. ఫోర్‌మన్ కేకలు వేయలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"డాక్టరు కాగితం తే. జబ్బేమిటో, మందేమిటో అందులో ఉండాలి. సోమవారానికి తేలేదో, ఆ సీటు ఇంకొకడిది" అన్నాడంతే.

పరీక్షకి ముందు వారం రోజులు మాత్రలు పూర్తిగా మానెయ్యాలంది డాక్టరమ్మ. మానేశాడు. మొదటి ఐదు రోజులు నరకం. చివరి రెండు రాత్రులు మాత్రం ఎందుకో ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. ఒళ్ళు అలిసి లొంగిపోయిందనుకున్నాడు.

"చూశావా, ఏమీ లేదు" అంది అక్క, తలుపు పక్క కుర్చీలోంచి. అతను ఉండేది అక్కాబావల ఇంట్లోనే. "తుమ్మితే ఊడే ముక్కయితే ఈపాటికి ఊడేది. నీదంతా నాటకంరా. పోనీలే, ఏమీ లేదని రాసిచ్చినా మంచిదే. సోమవారం ఎక్కి కూర్చో."

అతను తన చేతికేసి చూసుకున్నాడు. చిన్నప్పుడు ఒకసారి, బడిలో పరీక్ష రోజు పొద్దున, వెళ్ళకుండా ఉండాలని మిరియాల పొడి పీల్చి మరీ తుమ్మాడు. అక్క చూసింది. అమ్మకి చెప్పలేదు గానీ, ఆ తర్వాత అతని ఏ తుమ్మునీ నమ్మలేదు. ఆమె సంగతి అలా ఉంచితే, అతనికే ఒక్కోసారి అనుమానం వచ్చేది. ఆ పొడి పీల్చిన వాడు ఇంకా లోపలే ఉన్నాడేమో, అంత ఎత్తున గాజు పెట్టెలో ఒంటరిగా కూర్చోవడానికి భయపడి వాడే తుమ్ముతున్నాడేమో. ఇప్పుడీ చెయ్యి, నున్నగా, అక్క పక్షాన సాక్ష్యం చెబుతోంది.

డాక్టరమ్మ వచ్చి మొదటి చుక్క మాత్రమే చూసింది. మిగతా పదకొండింటి మీదికి చూపైనా పోనివ్వలేదు.

"మాత్ర వేసుకున్నారా?"

"లేదండి."

"జలుబు మందు, దగ్గు మందు?"

"ఏదీ లేదండి."

"ఈ మొదటిది పుప్పొడీ కాదు, దుమ్మూ కాదు. ఎవరికి పెట్టినా లేస్తుంది. నాకు పెట్టినా లేస్తుంది. మీకు లేవలేదంటే ఒంట్లో ఏదో మందుంది." ఆమె పెన్ను మూత పెట్టేసింది. "అబద్ధం చెప్పే మనిషిని క్రేన్ ఎక్కించమని నేను రాసివ్వలేను."

అతను జీవితంలో ఇంత గట్టిగా నిజం చెప్పింది లేదు. అయినా తన గొంతు తనకే మిరియాల పొడి నాటి గొంతులా వినిపించింది. ఇంకోసారి లేదందామనుకున్నాడు.

"నేనే పోశాను" అంది అక్క.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

"అల్లం నీళ్ళలో కలిపాను. పిల్లల జలుబు మందు. రెండు రాత్రులు, రెండేసి మూతలు."

"అతనికి చెప్పకుండానా?"

"చెప్తే తాగడండి. గోడవతల నుంచి ఆ ఈల వింటూ పడుకోవడం మీకు తెలీదు."

"నాటకమన్నావుగా అక్కా" అన్నాడతను.

"పగలన్నాను."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇలాగే పోస్తూ ఉంటే ఆ మత్తు దిగకుండానే సోమవారం ఎక్కి కూర్చునేవాడు. ఆలోచించారా?"

అక్క తల దించుకుంది. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తట్టిందని అతనికి అర్థమైంది. కోపం వస్తుందేమోనని చూశాడు. వచ్చింది కూడా. కానీ దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది, పేరు పెట్టలేనిది.

డాక్టరమ్మ అతని వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఈల ముక్కులోది కాదని, ఛాతీలోదని, దానికి వేరే మందు కావాలని చెప్పి ఇన్‌హేలర్ రాసింది. ముక్కులోకి స్ప్రే ఇచ్చి, తల కాస్త ముందుకి వంచి, మొన బయటి వైపుకి తిప్పి కొట్టుకోవాలని చేసి చూపించింది. "దీంతో మత్తు రాదు, పరీక్షకీ అడ్డు కాదు. కాకపోతే ఇవాళ వేసి రేపు చూస్తే కుదరదు. కొన్ని రోజులు పడుతుంది." తర్వాత కాగితం రాసింది. జబ్బు ఉంది. ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా ఎత్తుకి పంపవద్దు.

అతను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

వరండాలోకి వచ్చి ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు. పరీక్ష తేలలేదని, ఎనిమిది రోజులకి మళ్ళీ చేస్తారని చెప్పాడు. ఎందుకు తేలలేదో, అక్క వింటుండగానే, ఉన్నదున్నట్టు చెప్పాడు.

యంత్రాల మోతలోంచి ఫోర్‌మన్ గొంతు వచ్చింది. "ఎనిమిది రోజులు ఆ సీటు ఖాళీగా ఉంచలేను, తుమ్మెదా. వేరేవాణ్ణి ఎక్కిస్తా. నువ్వు కింద స్టోర్లో ఉండు. పరీక్ష తేలిన కాగితం వచ్చాక మాట్లాడదాం."

"ఇంకొకణ్ణి ఎక్కిస్తున్నారు" అని అక్కకి చెప్పాడు.

ఆమె అతని చేతిలోంచి స్ప్రే తీసుకుంది. "ఆ స్ప్రే ఎలా కొట్టాలందో మళ్ళీ చెప్పు" అంది.