బాల్కనీలో పాచి

"అత్తయ్యా, బాల్కనీలో పాచి ఉంది. కాస్త చూసుకోండి," అని కోడలు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అత్తగారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇల్లు అద్దంలా ఉంచే మనిషిని పట్టుకుని పాచి ఉందంటుందా? ఆవిడ చేతులకి ఊరకుండటం పుట్టుకతో రాలేదు. బాల్కనీ మూలన చెట్టు బెరడు ముక్క కనబడింది. దాని మీద బూడిదా ఆకుపచ్చా కాని రంగులో, అంచులు చిరిగిన పాతగుడ్డలాంటి పొర. గట్టి బ్రష్ తెచ్చి పొడిగానే బరబరా గీకేసింది. రాలిన పొట్టు సంచిలోకెత్తి, మూతికి ఎర్రదారం కట్టి, చెత్తబండికి ఇచ్చి వచ్చింది.

అడవుల పరిశోధనశాలలో పనిచేసే కోడలు కాసేపటికే అట్టపెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. బోసిగా ఉన్న బెరడు చూసి గోడకి చేరగిలబడింది.

"ఏమయిందే?"

"అది మురికి కాదత్తయ్యా, ప్రాణమున్న పాచి. ముసలి చెట్ల మీద తప్ప బతకదు. ఆ చెట్లేమో రోడ్డు కోసం కొట్టేశారు. రోడ్డు పడ్డాక ఎండా, బండ్ల పొగా తగిలి మిగిలిందీ మాడిపోయింది. నరికేసిన చెట్టు మీద నిన్న ఈ ఒక్క ముక్కే దొరికింది. తడిగాలి తగలాలని రాత్రి ఇక్కడ పెట్టాను. ఇవాళ లోపలి అడవిలో ఇంకో చెట్టుకి అతికించాలి."

"చూసుకోమన్నావు కదా, చూసుకున్నా."

"చూసుకోమంటే కనిపెట్టుకుని ఉండమని."

"ఆ ముక్క తిన్నగా చెప్పి ఏడవచ్చుగా," అని గొణిగింది అత్తగారు.

"సబ్బు పెట్టారా?"

"లేదే. పొడిగానే గీకా."

"పొట్టేదీ? తునకలున్నా చాలు, అతికిస్తే ఒకవేళ..."

మాట పూర్తి కాకముందే అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది. వీధి మలుపులో బండికి అడ్డంగా నిలబడింది.

"ఏం పారేసుకున్నావమ్మా, బంగారమా?" అన్నాడు బండివాడు.

"పాచి, నాయనా."

అతను ఎగాదిగా చూసి పక్కకి జరిగాడు. పక్కింటి చెత్త కొంగుకి తగిలితేనే స్నానం చేసే మనిషి, మోచేతుల దాకా తడిచెత్తలో పెట్టి ఎర్రదారం కోసం కెలికింది.

దొరికింది. ఇద్దరూ కాగితం పరుచుకుని, ఊపిరి తగిలితే ఎగిరిపోతాయని మూతికి గుడ్డలు కట్టుకుని ఏరారు. బ్రష్ కుచ్చులో ఇరుక్కున్నవాటిని అత్తగారు సూదితో లాగింది. సగానికి సగం నలిగి పిండైపోయాయి. చిటికెడు మిగిలింది. కోడలు దాన్ని పెట్టెలో పెట్టుకుని పరుగెత్తింది.

సాయంత్రం దాకా అత్తగారు కిటికీకీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గుమ్మంలో కోడలి కాలు పడగానే, "బతుకుతుందా?" అంది.

"అతికించాం. బతికిందో లేదో తెలియడానికి ఏళ్ళు పడుతుంది."

పాలు పొంగేదాకా నిలబడలేని మనిషి ఆవిడ. "మధ్యలో ఒకసారి వెళ్ళి చూడొచ్చా?"

"చూడొచ్చు. ముట్టుకోకూడదు."

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచింది. బల్ల మీద బూడిదరంగు పొర కనబడి కొంగు చాపింది. అంతలో ఆగి, కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇది ఉత్త దుమ్మేనా?"