సలోమి పెట్టుకున్న బ్యాడ్జీ

నేను ఒక రేకు బ్యాడ్జీని. తెనాలిలో ఒక ప్రెస్సు వెనక గదిలో పుట్టాను. ముఖాన నీలం రంగు, దాని మీద తెల్లటి అక్షరాల్లో 'రెండు గ్లాసులు వద్దు', వీపున ఒక పిన్నీసు. ఇంతే నా ఆస్తి.

ఆ రోజుల్లో మా వైపు కొన్ని ఊళ్ల టీకొట్లలో మాలపల్లె, మాదిగపల్లె వాళ్లకు వేరే గ్లాసులు బయట చూరుకు వేలాడేవి. తాగినవాళ్లే కడిగి మళ్లీ తగిలించాలి. పాలు అవే, డికాషన్ అదే. గ్లాసు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనుషులకు ఎక్కడలేని శుచి గుర్తొచ్చేది. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

కాలేజీలో చదివే సలోమి నన్ను ఓణీకి గుచ్చుకుని, స్నేహితులతో కలిసి టీకొట్టు లోపలికెళ్లి బల్ల మీద కూర్చుంది. ఆమె గుండె ఎంత దడదడలాడిందో నాకు తెలుసు, దాని మీదే ఉన్నాను గదా.

తర్వాత ఆమె టీచరమ్మ అయింది, అమ్మమ్మ అయింది. నేను పౌడరు డబ్బాలో గుండీల మధ్య కాపురం చేశాను. నా సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈమధ్య రత్నాకరం అనే రిటైరైన మాస్టారు వచ్చాడు. ఉద్యమాల బ్యాడ్జీలు సేకరించడం ఆయన పిచ్చి. కొత్తగా మెరిసేటప్పుడు నన్ను చూసి మొహం తిప్పుకున్న లోకమే, తుప్పు పట్టాక భూతద్దం పెట్టి చూస్తుంది. గ్రంథాలయంలో మాస్టారు ప్రదర్శన పెడతాడట.

"తీసుకెళ్లండి మాస్టారూ. నా పేరు మాత్రం రాయొద్దు," అంది సలోమి. "మా మనవరాలు చూసుద్ది. తలెత్తుకు తిరిగే పిల్ల. మమ్మల్ని అట్టా చూశారని దానికి తెలవటం నాకిష్టం లేదు."

ఆ మనవరాలు కెజియా గుమ్మంలోనే నిలబడి వింటోంది. "ఎట్టా చూశారు అమ్మమ్మా?"

సలోమి నన్ను చేతిలో తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. వేలాడే గ్లాసుల దగ్గరికొచ్చేసరికి నన్ను గుప్పిట్లో బిగించి, లోపలికెళ్లి కూర్చున్నదాకా చెప్పింది. నాకు భయం వేసింది. పిల్ల మొహం చిన్నబోతే ఈమె తట్టుకోలేదు.

"లోపలికెళ్లి కూచున్నావా? నువ్వా?" కెజియా కళ్లు ఇంతయ్యాయి. "టీ ఇచ్చాడా?"

"ముందు ఇవ్వలా. మేమూ లేవలా. పొద్దుగూకినాక తెచ్చి పెట్టాడు, లోపలి గ్లాసుల్లోనే."

"బాగుందా?"

"ఏం బాగు! చల్లారిపోయింది. చక్కెర కూడా తక్కువేశాడు సచ్చినోడు."

కెజియా పకపకా నవ్వింది. సలోమికీ నవ్వాగలేదు. అవమానమని ఇన్నేళ్లు దాచిపెట్టుకున్నది, మనవరాలి చెవిన పడేసరికి గొప్పగా వినిపించింది.

మాస్టారు నన్ను జేబురుమాల్లో చుట్టుకుని లేచాడు.

"పేరు రాయండి మాస్టారూ," అంది సలోమి. "ఇంటిపేరుతో సహా."