నాలుగు మడతల పిండి

ఆ బేకరీ అన్నదమ్ములకు చెడింది పఫ్ పిండి దగ్గర. వెన్న పరిచిన పిండిని మూడు పొరలుగా మడిచి, కర్రతో ఒత్తి, మళ్లీ మడవాలి. మొత్తం నాలుగుసార్లు. అన్న రెండు మడతలు వేసి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక మిగతా రెండూ వేస్తాడు. తమ్ముడు మూడు ఏకబిగిన వేసేసి, ఒక్కటి తర్వాతకు ఉంచుతాడు. పొరలు నా పిండిలోనే ఎక్కువని ఇద్దరికీ పంతం. మాటా మాటా పెరిగి ఉప్పూ నిప్పూ అయ్యారు. చివరికి దుకాణం మధ్య గోడ కట్టడానికి తాపీమేస్త్రీ టేపు పట్టుకుని రానే వచ్చాడు. తమ్ముడు లేకుండా ఆ పొయ్యి దగ్గర ఎలా నిలబడాలా అని అన్న లోపల్లోపల కుమిలిపోతున్నాడు. ఆ మాట పైకి అనేస్తే ఆయన ఆయనెందుకవుతాడు?

తమ్ముడి కూతురు పదో తరగతి. గోడ సంగతి తర్వాత, ముందు పొరలు లెక్కపెడదామంది. పెదనాన్నది మూడు మూళ్లు తొమ్మిది, ఫ్రిజ్ తర్వాత ఇంకో తొమ్మిదింతలు, ఎనభై ఒకటి. నాన్నది ముందే ఇరవయ్యేడు, తర్వాత మూడింతలు. అదీ ఎనభై ఒకటే.

అన్న ఒప్పుకోలేదు. మూడుకేదో కలిసొచ్చింది, నాలుగేసి పొరలుగా మడిస్తే ఎవరి బండారమేమిటో తేలుతుందన్నాడు.

ఆ పిల్ల వాదించలేదు. మడతకి ఎన్ని పొరలైతే ఆ లెక్కని 'క' అనుకోమని, పొడిపిండి చల్లిన బల్ల మీద వేలితో రెండు 'క'లు రాసి, కాస్త జాగా వదిలి, ఇంకో రెండు రాసింది. కింద మూడు రాసి, జాగా వదిలి, ఒకటి రాసింది.

"మధ్యలో ఈ ఖాళీ ఏంటే?" అన్నాడు అన్న.

"అది మీరు ఫ్రిజ్‌లో పెట్టే టైము పెదనాన్నా. అంతే."

చెరిపేసి, ఖాళీ లేకుండా రాసింది. పైనా నాలుగు 'క'లే, కిందా నాలుగు 'క'లే. బళ్లో అయితే ఒక్క 'క' రాసి, నెత్తిన చిన్న నాలుగు పెడతారట.

అన్నకు ఒళ్లు గగుర్పొడిచింది. అక్కడ ఒక్క అంకె కూడా లేదు. నాలుగు పొరలేసినా, నలభై వేసినా, ఎవడూ ఎన్నడూ మడవలేనన్ని వేసినా, ఆ రెండు వరుసలూ ఒకటే. మడిచి చూడక్కర్లేదు. తను పుట్టకముందూ ఇంతే, పోయాకా ఇంతే. ఇంత పెద్ద సంగతి రోజూ తన చేతుల కిందే ఉందా అనుకున్నాడు.

బల్లకు అవతల తమ్ముడు తలెత్తలేదు. అన్న తన పిండి ముద్ద తీసి, ఒత్తి, రెండు మడతలూ వేశాడు. ఫ్రిజ్ వైపు వెళ్లలేదు. పిండిని తమ్ముడి ముందుకు జరిపాడు.

"మూడోది నువ్వెయ్యరా."