సబ్‌నెట్ అక్క పరీక్షకెళ్లింది

ఫోన్‌లో ఒక గ్రూపుంది, పేరు 'మనంతట మనమే'. కోచింగుల జోలికి పోకుండా ఇంట్లోనే కూర్చుని నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షకి చదువుకునేవాళ్లు మూడొందల నలభై మంది అందులో ఉన్నారు, వాళ్లందరికీ పెద్ద దిక్కు ఒక్కతే, సబ్‌నెట్ అక్క. ఎవరైనా డౌటు పెట్టడం ఆలస్యం, రెండు నిమిషాల్లో అక్క జవాబు దిగిపోతుంది, బొమ్మలతో, బాణాలతో సహా. సబ్‌నెట్ అంటే పెద్ద నెట్‌వర్కుని వాటాలు వేసి పంచడమే, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు ఎవరి గుమ్మం వాళ్లది, కాకపోతే ఇక్కడ వదినలు మాట్లాడుకోవడం మానెయ్యరు అని ఆమె రాసింది చదివి, లెక్కలంటే పారిపోయేవాళ్లు కూడా గట్టెక్కేశారు. రెండేళ్లలో అరవై ఒక్కమంది పాస్. పాసైన ప్రతివాళ్లూ 'అంతా అక్క చలవే' అని పెట్టడం, అక్క ఒక నవ్వు బొమ్మ పెట్టడం, ఇదీ వరస.

ఇంతమందిలో ఒక్కళ్లకీ రాని డౌటు ఒకటుంది. అక్కా, మీరెప్పుడు పాసయ్యారు? ఈత నేర్పే మనిషిని నీకు ఈదడం వచ్చా అని ఎవరడుగుతారు చెప్పండి.

అక్క పాసవ్వలేదు. ఫెయిలూ అవ్వలేదు. అసలు రాస్తే కదా. నోట్సు పూర్తయ్యాక రాద్దామనుకుంది. నోట్సు ఏడు పుస్తకాలైంది, నాలుగో పుస్తకంలో చేతిరాత బాలేదని మళ్లీ రాసింది, అదయ్యేలోపు సిలబస్ మారిపోయింది, ఇంకేముంది, మళ్లీ మొదట్నుంచీ.

పగలంతా ఆమె ఒక ఆఫీసు బేస్‌మెంటులో, స్టోర్సులో కూర్చుంటుంది. ఇనప ఊచల కిటికీ, ఒక ట్యూబులైటు, చుట్టూ టోనర్ డబ్బాలు. మౌసు పనిచెయ్యట్లేదని ఒకాయనొస్తాడు, కీబోర్డు మీద కాఫీ దానంతటదే ఒలికిందని ఇంకొకాయనొస్తాడు, సంతకం పెట్టించుకుని కొత్తది ఇస్తుంది. ఎనిమిదేళ్ల నుంచీ ఇదే పని. నాలుగో అంతస్తులో గాజు తలుపుల నెట్‌వర్క్ రూముంది. అక్కడికి పెట్టెల కొద్దీ కేబుళ్లు పంపించడమే గానీ, వాటిని ఎక్కడ గుచ్చుతారో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. అలాంటిది ఒకరోజు నోటీసొచ్చింది. ఆ రూములోకి ఒక అసిస్టెంటు కావాలి, ఆఫీసువాళ్లకే ఇస్తాం, నెలాఖరులోపు సర్టిఫికెట్ చూపించాలి.

ఆనందం పట్టలేక అక్క ఆ నోటీసు ఫొటో తీసి గ్రూపులో పెట్టేసింది. ఆ కుర్చీ మీకోసమే చేయించారక్కా అని ఒకరు, ఇంక పైకి వెళ్లిపోయినట్టే అక్కా అని ఒకరు, ఆ మాట వేరేలా ఉందని ఇంకొకరు. నిన్నగాక మొన్న చేరిన ఒకావిడ మాత్రం 'మీ సర్టిఫికెట్ మాక్కూడా చూపించండక్కా' అంది. మిగతా అందరూ అవునవునన్నారు. కక్కలేక మింగలేక అక్క, 'ఈ ఇరవయ్యో తారీఖున కొత్త సిలబస్ మీద రాస్తున్నా' అని పెట్టింది.

అదే ఆఫీసులో రిసెప్షన్‌లో ఆమె ఆడపడుచు పనిచేస్తుంది, ఉండేది కూడా ఒకే ఇంట్లో. ఆ పిల్లకి నోట్సూ లేదు, పుస్తకమూ లేదు. బస్సులో నిలబడి వదిన గ్రూపులో పెట్టేవి చదువుతుంది, ప్రశ్నల యాప్‌లో టిక్కులు పెట్టుకుంటుంది, అంతే.

"వదినా, ఆ రోజే నేనూ రాస్తా."

"రాయి, అనుభవం వస్తుంది. నెట్‌వర్క్ పొరలు ఏడూ వచ్చా?"

"పేర్లొచ్చు."

"పేర్లొస్తే సరిపోదమ్మాయ్. ఏడే ఎందుకున్నాయో తెలియాలి."

"అదడుగుతారా?"

"అడగరు. తెలియాలి."

"అడగనివి ఎందుకు మరి," అన్నాడు అక్క మొగుడు. ఇద్దరూ ఒకేసారి అటు చూసేసరికి గ్లాసెత్తి మంచినీళ్లు తాగేశాడు.

ఇరవయ్యో తారీఖు వచ్చింది. తొంభై ప్రశ్నలు, తొంభై నిమిషాలు, ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనక్కి రావడం కుదరదు. మొదటి ప్రశ్న: ఒకరి కంప్యూటరుకి నెట్ రావట్లేదు, ముందు ఏం చూస్తారు? కింద నాలుగు జవాబులు. అక్క కుర్చీలో సర్దుకుంది. ఎవరి కంప్యూటరు? నిన్న వచ్చిందా? పక్కవాళ్లకి వస్తోందా? ఈ వివరాల్లేకుండా జవాబు చెప్పడం అంటే రోగిని చూడకుండా మందు రాసినట్టే కదా. ఎనిమిది నిమిషాలు ఆలోచించి చెయ్యెత్తింది. అక్కడ కాపలా ఉన్న మేడమ్ వచ్చింది.

"ఏంటండీ?"

"ఈ ప్రశ్న సగమే ఉంది. ఏ సందర్భంలో ఏ జవాబో, లెక్కలకని మీరిచ్చిన ఈ పలక మీద రాస్తే ఎవరైనా చూస్తారా?"

"వెళ్లేటప్పుడు చెరిపేసి ఇవ్వాలండీ."

పద్నాలుగోది సబ్‌నెట్ ప్రశ్న. ప్రాణం లేచొచ్చింది. మూడు పద్ధతుల్లో చేసింది, మూడింట్లోనూ ఒకటే జవాబు, ఎంత అందంగా ఉందో అని నాలుగో పద్ధతిలో కూడా చేసింది. ఇలా ముచ్చటపడుతూ నలభై ఒకటో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి టైమైపోయింది. స్క్రీన్ మీద ఫెయిల్ అని వచ్చింది, ఏ వివరమూ అడగకుండానే.

ఆడపడుచు ఎప్పుడో బయటికొచ్చి మెట్ల మీద బిస్కెట్లు తింటోంది. పాస్.

"మొదటి ప్రశ్నకి ఏం పెట్టావే?" అంది అక్క.

"కేబుల్ ఊడిందేమో చూడమని."

"ఎందుకని?"

"ఊడుతుంది కాబట్టి."

మళ్లీ రాయాలంటే రెండు వారాలు ఆగాలి, నెలాఖరుకి పదిరోజులే ఉంది. బస్సెక్కి ఫోన్ చూస్తే నూట పన్నెండు మెసేజ్‌లు, అన్నీ ఏమైందక్కా అనే. అక్క ఏడు పేరాలు రాసింది, ఈ పరీక్షలు తెలివిని కొలవలేవు అన్న దగ్గర మొదలుపెట్టి. ఆడపడుచు ఆమె భుజం మీంచి చదువుతూనే ఉంది. అక్క అదంతా కొట్టేసి, 'తప్పాను' అని ఒక్క మాట పెట్టింది.

ఒక్కళ్లూ నమ్మలేదు. మన నమ్మకాన్ని పరీక్షిస్తోంది అన్నారు. చివరికి మార్కుల కాగితం ఫొటో పెడితే, అంత లోతుగా తెలిసినవాళ్లు ఇలాంటి చిన్న పరీక్షలో తప్పక ఏంచేస్తారు అని కొత్తరకం పొగడ్త మొదలెట్టారు. ఒకాయనైతే నేనూ అక్కలాగే తప్పాలనుకుంటున్నా అన్నాడు. నిజం చెప్పాలంటే అక్కకి అది హాయిగానే అనిపించింది, అదీ రెండు స్టాపులే. మూడో స్టాపు వాళ్ల ఆఫీసు ముందే. బస్సు కిటికీలోంచి నాలుగో అంతస్తు లైట్లు కనిపించాయి.

ఒకటో తారీఖున ఆడపడుచు ఆ రూములో చేరింది. మధ్యాహ్నం స్టోర్సు కిటికీ దగ్గరకొచ్చి చీటీ ఇచ్చింది, రెండు పెట్టెల కేబుళ్లు.

"సంతకం ఇక్కడ. ఎలా ఉంది పైన?"

"చలి. వదినా, ఇంకో మనిషి కావాలని మేనేజర్ తొందరపడుతున్నారు. ఈసారి బయటివాళ్లని కూడా పిలుస్తారట. ఆఫీసువాళ్లకి ఈ నెల పదిహేను దాకా టైమిస్తారు."

"అంటే నోట్సు ఒకసారి చూసుకుని..."

"నోట్సు చూస్తే ఇక్కడే రిటైరవుతావు."

అంటే అంది గానీ, పెట్టెలు చంకన పెట్టుకుని పరుగే. అక్కకి కోపమొచ్చింది. ఆ కోపంలోనే ఫోన్ తీసి పదో తారీఖుకి పరీక్ష బుక్ చేసింది, గ్రూపుకి చెప్పలేదు. పరీక్షలో మళ్లీ చెయ్యి ఆడకపోతే ఎలా అని ప్రశ్నల యాప్ తెరిచి, ప్రశ్నకి ఒక్క నిమిషం అని అలారం పెట్టుకుంది.

రెండో ప్రశ్నే తప్పుగా ఉంది. నాలుగు జవాబుల్లో రెండు, సందర్భాన్ని బట్టి, ఒప్పే. అలా ఎందుకో రెండు పేజీలు రాయగలదు, పెన్ను చేతిలోనే ఉంది. పళ్లు బిగపట్టి ఒకదానికి టిక్ పెట్టి, మూడో ప్రశ్నలోకి వెళ్లిపోయింది.